శ్రుతి మేస్త్రి ఇంట్లో తుపాకి

మా హేజెల్ ఫోర్క్ ఊరి చరిత్ర ఎవరైనా రాయదలిస్తే దాన్ని రెండు యుగాలుగా విడగొట్టక తప్పదు. బెర్నార్డ్ ఆష్‌వర్త్ గుమ్మంలో నిలబడి, టోపీ తీసి, ఆ ప్రశ్న అడగడానికి ముందు కాలం ఒకటి. అడిగిన తరవాతి కాలం ఒకటి. అంతర్యుద్ధం మా ఊరి పక్కనుంచి పోయింది గాని లోపలికి రాలేదు. రైలు వస్తానని చెప్పి రాలేదు. వరద వచ్చింది గాని అది అన్ని ఊళ్లకూ వచ్చింది. మాకంటూ ప్రత్యేకంగా జరిగింది ఈ ప్రశ్న ఒక్కటే.

ప్రశ్న చిన్నదే. "లోపల తుపాకి ఏమైనా ఉందాండీ?"

కుక్క కరుస్తుందా అని అడిగే గొంతుతో అడిగేవాడు. కెంటకీలో ఒకరి గుమ్మంలో నిలబడి అలా అడగడమంటే, ఇంట్లో ఉప్పుందా అని అడగడమే. మొదట్లో జనం, ఎలాంటిది కావాలని ఎదురడిగారు. కొందరు అరువుకు వచ్చాడనుకుని ఉన్నవన్నీ తెచ్చి సోఫా మీద పరిచారు. ఆయన కోరేది అది కాదనీ, ఉన్నదాన్ని వేరే గదిలో పెట్టి తాళం వెయ్యమంటున్నాడనీ, వేస్తే గాని తన పనిముట్ల సంచి విప్పడనీ అర్థం కావడానికి ఊరికి ఒక ఏడాది పట్టింది. అర్థమయ్యాక మావాళ్లకు అది అలవాటైంది. బెర్నార్డ్ వస్తున్నాడంటే ఆడవాళ్లు హాల్లో దుమ్ము దులిపి, తుపాకి పడగ్గదిలో పెట్టి, ఆ తరవాతే కాఫీ పెట్టేవారు.

ఆయన పని పియానోలు శ్రుతి చెయ్యడం. పుట్టింది ఇంగ్లండులో, పెన్నైన్ కొండల మధ్య టాడ్మోర్డెన్‌లో. వాన తప్ప వేరే పంట లేని ఊరని ఆయనే చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా ఆ వానలో తడిసి వచ్చినవాడిలా చూసేవాడు. మా మెథడిస్టు చర్చిలోని పాత ఆర్గన్‌కు గొట్టాలు పగిలితే బాగుచెయ్యడానికి వచ్చాడు. ఒక వేసవి పని. ఆ వేసవిలోనే చర్చి గాయకబృందంలో వెర్నా అనే అమ్మాయి పాట విన్నాడు. వెర్నా పాడితే ప్రతి స్వరమూ ఉండవలసినదానికంటే వీసమెత్తు కిందుండేది. శ్రుతి చేసేవాడికి అది పంటి కింద రాయి. అయినా ఆయన మర్నాడు కూడా వెళ్లి విన్నాడు. ఆ మర్నాడు కూడా.

ప్రశ్న పుట్టింది మాత్రం మిసెస్ టాకెట్ ఇంట్లో. ఆవిడ పియానోలో కింది స్వరం ఒకటి కందిరీగలా రొద పెడుతోందంటే వెళ్లి, ముందు పలక ఊడదీసి చూశాడు. లోపల తీగల వెనక రివాల్వర్ ఒకటి, నిండా గుళ్లతో, సుఖంగా పడుకుని ఉంది. మిసెస్ టాకెట్ సంబరపడిపోయింది. "ఇక్కడుందా! మా ఆయన పోయినప్పటినుంచీ వెతుకుతున్నా నాయనా," అంది. బెర్నార్డ్ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆవిడ చల్లటి టీ తెచ్చిచ్చింది. ఇంగ్లీషువాడికి టీలో ఐసు వెయ్యడం కూడా ఒక దెబ్బే, కాని ఆరోజు అది ఆయన గమనించలేదు.

పై వారం వెర్నా వాళ్లింటికి భోజనానికి పిలిస్తే గుమ్మంలో నిలబడి అదే అడిగాడు. వెర్నా కాసేపు ఆలోచించింది.

"నాన్నవి అయిదున్నాయి," అంది. "నన్ను చేసుకుంటానంటే ఒక్కటీ ఉండదు."

ఆ అయిదూ ఆవిడ తమ్ముడింటికి వెళ్లాయి. బెర్నార్డ్ వాడని టాడ్మోర్డెన్ తిరుగు టిక్కెట్టు చర్చి ఖర్చుల పద్దులోకి వెళ్లింది. జిల్లా మొత్తం మీద తుపాకి లేని కొంప తనదొక్కటేనని ఆయన క్షౌరశాలలో చెప్పుకునేవాడు. మావాళ్లు ఆ మాటను, ఇంట్లో నీళ్ల కుళాయి లేదని ఒప్పుకుంటున్న పెద్దమనిషి మాటలా, మర్యాదగా విని ఊరుకునేవారు.

ఆ క్షౌరశాలలోనే ఒకసారి తన అన్న హెరాల్డ్ సంగతి చెప్పాడు. హెరాల్డ్ పిస్తోలు క్లబ్బులో సభ్యుడు. గురి చూసి కాగితాలకు చిల్లులు పెట్టడం ఆయన సరదా. తన పిస్తోలును ఆదివారాలు నూనె గుడ్డతో తుడిచేవాడు. స్కాట్లండులో ఒక బడిలోకి మనిషి చొరబడి పసిపిల్లల్ని కాల్చేశాక, చేతి తుపాకులన్నీ అప్పగించమని చట్టం వచ్చింది. ఇంగ్లండులో జనం దేనికైనా వరసలో నిలబడతారు, దీనికీ నిలబడ్డారు. వానలో. హెరాల్డ్ తనది గుడ్డలో చుట్టి తీసుకెళ్లి పోలీసు స్టేషన్ బల్ల మీద పెట్టి, రసీదు తీసుకుని, బయటికొచ్చి కారులో చాలాసేపు కూర్చున్నాడు. కోపం రాలేదా అని తమ్ముడు ఫోనులో అడిగితే, పిల్లలు చచ్చిపోయారు కదరా అన్నాడు. ఆ విషయం మీద ఆయన అన్నది అంతే.

"మరి వాటిని ఏం చేశారు?" అని అడిగాడు క్షురకుడు లాయిడ్.

"కరిగించేశారు."

గదిలో కత్తెర ఆగిపోయింది. కుక్కపిల్లల్ని బకెట్లో ముంచారని విన్నట్టు అందరూ నేల చూశారు. కాసేపటికి లాయిడ్ గొంతు తగ్గించి, హెరాల్డ్‌ది ఏ రకమని అడిగాడు.

మావాళ్లు చెడ్డవాళ్లని కాదు. టీవీలో ఎక్కడో ఒక బడి ముందు, ఒక అంగడి ముందు తల్లులు ఏడుస్తుంటే మా ఊరూ ఏడ్చేది, కూర వండి పంపేది, జెండా సగానికి దించేది. జెండా తాడు సరిగ్గా సగం దగ్గర అరిగిపోయిందని మునిసిపాలిటీ ఒకసారి కొత్తది కొంది. అలాంటి రోజుల్లో టాడ్మోర్డెన్ నుంచి బెర్నార్డ్ చెల్లెలు ఈనిడ్ ఫోను చేసేది. మీకు దగ్గరేనా అనేది. నాలుగొందల మైళ్లు అని బెర్నార్డ్ చెప్పేవాడు. నాలుగొందల మైళ్లంటే ఈనిడ్ లెక్కలో ఇంగ్లండు అయిపోయి సముద్రం వచ్చేస్తుంది, అయినా ఆవిడకు నిద్ర పట్టేది కాదు. అన్నయ్యా, వచ్చెయ్యి, పై గది ఖాళీగానే ఉంది, అనేది. వెర్నా ఫోను లాక్కుని, "మీ అన్నను నేను చూసుకుంటాలే ఈనిడ్, ఇక్కడ ఆయనకు ప్రమాదమంటూ ఉంటే నా పాటే," అనేది.

ఆ వెర్నా రెండేళ్ల కిందట, ఆకులు రాలే కాలంలో, జబ్బుపడి పోయింది. తుపాకి వల్ల కాదు. మా ఊళ్లో చాలామంది పోయినట్టే, ఆసుపత్రి మంచం మీద, కిటికీవైపు చూస్తూ పోయింది.

ఆ తరవాత బెర్నార్డ్ పియానోలు శ్రుతి చెయ్యడం మానలేదు. తన ఇంటి పియానో మాత్రం ముట్టుకోలేదు. వెర్నా ఉన్నప్పుడు ఆవిడ పాటకు అనువుగా దాన్ని వీసమెత్తు కిందకు దించి ఉంచేవాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వృత్తి ధర్మానికి అంత ద్రోహం ఆయన ఇంకెక్కడా చెయ్యలేదు. ఇప్పుడు దాన్ని సరిచెయ్యాలంటే చెయ్యి రాదు, అలాగే వాయించాలంటే పాడేవాళ్లు లేరు. ఆదివారాలు చర్చిలో గాయకబృందం ఇప్పుడు నిఖార్సుగా పాడుతోంది. ఆయన వెనక బెంచీలో కూర్చుని, ఆ నిర్దోషమైన పాటలో ఏదో పోగొట్టుకున్నవాడిలా తలవంచుకుని వింటాడు. అక్కడ ఒక గొంతుకు సరిపడా ఖాళీ ఉంది. అది ఆయనకు వినిపిస్తుంది.

ఈనిడ్ పిలుపులు ఎక్కువయ్యాయి. ఈ వసంతంలో వచ్చేస్తానని బెర్నార్డ్ చివరికి ఒప్పుకున్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టి, వెర్నా కుట్టుమిషను బల్ల అడుగు సొరుగు లాగాడు. దారపు ఉండలు, బొత్తాల సీసా, ఆ కింద నీలం తలగుడ్డలో చుట్టి బరువుగా ఏదో ఉంది. విప్పాడు. పిస్తోలు.

ముందు ఆయనకు తోచింది గుడ్డను మొహానికి ఆనించుకోవడం. చేతులకు వెర్నా రాసుకునే గులాబీ గ్లిజరిన్ వాసన ఇంకా ఉంది. రెండేళ్లుగా ఇల్లంతా వెతికినా దొరకని వాసన అది. దొరికింది ఇక్కడ.

ఆ రోజునుంచి మనిషి తిండి మానేశాడు. తుపాకి ఉన్నందుకు కాదు, దాచినందుకూ కాదు. ఆయనను తొలిచింది ఒకటే మాట. మా జిల్లాలో తుపాకి ఉన్న ఎవరినైనా ఎందుకని అడగండి, రక్షణకంటారు. అంటే వెర్నా భయపడింది. దేనికి? పక్క జిల్లాల్లో పియానోలకని ఆయన రెండేసి రోజులు పోయినప్పుడు ఒంటరిగా పడుకుని భయపడిందా? పక్కన ఆయన గురకపెడుతున్నప్పుడు కూడా భయపడిందా? టీవీలో ఆ తల్లుల్ని చూసి, ఆయన మాటకు కట్టుబడి ఖాళీ చేతులతో కూర్చుని, చివరికి కూర్చోలేక కొనుక్కుందా? ఇంత సంసారం చేసి, ఆవిడ భయాన్ని ఒక్కరోజు కూడా పసిగట్టని మనిషి ఆవిడ గొంతులో వీసమెత్తు తేడా పట్టాడంటే ఏం లాభం? అది తేల్చుకోకుండా టాడ్మోర్డెన్ వెళితే వెర్నాను రెండోసారి వదిలేసినట్టవుతుందని ఆయనకు అనిపించింది. తేల్చుకునేదాకా ఆ వస్తువుతో ఒక కప్పు కింద ఉండడమూ ఆయన వల్ల కాలేదు.

అందుకని ఇంగ్లీషువాడు మాత్రమే చెయ్యగల పని ఒకటి చేశాడు. కోటు వేసుకుని, టై కట్టుకుని, పిస్తోలును వంటింటి తువ్వాలులో చుట్టి, గుడ్డసంచిలో వేసుకుని, షెరీఫ్ ఆఫీసుకు నడిచి వెళ్లాడు. కౌంటర్ దగ్గర కార్లా అనే అమ్మాయి ఏం కావాలని అడిగింది. టాడ్మోర్డెన్‌లో హెరాల్డ్ ఏమన్నాడో ఇతనూ అదే అన్నాడు. శుభోదయం చెప్పి, తుపాకి తెచ్చానని చెప్పి, సంచిలో చెయ్యి పెట్టాడు.

కార్లా కుర్చీ వెనక్కి పడింది. వెనక గదిలోంచి డ్వేన్ మాటింగ్లీ అనే డిప్యూటీ తన పిస్తోలు దూసి, రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. డ్వేన్ చిన్నప్పుడు వాళ్లింటి పియానో బెర్నార్డే శ్రుతి చేసేవాడు. మనిషిని గుర్తుపట్టాడు. గుర్తుపట్టాక కూడా పిస్తోలు దించలేదు.

"చెయ్యి బయటికి తియ్యండి, మిస్టర్ బెర్నార్డ్. నెమ్మదిగా. ఖాళీ చెయ్యి."

బెర్నార్డ్ రెండు చేతులూ ఎత్తాడు. సంచి మోచేతికి వేలాడుతూ ఊగింది. డ్వేన్ వచ్చి సంచి అందుకుని, తువ్వాలు విప్పి చూసి, ఊపిరి వదిలాడు.

"దీంతో ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదయ్యా. అప్పగిద్దామని."

"ఏమీ చెయ్యకపోతే అప్పగించడం దేనికి?"

"మా దగ్గర అలాగే చేస్తారు."

డ్వేన్ కూలబడ్డాడు. తన పిస్తోలును బల్ల మీద పెట్టాడు. "మీ దేశంలో పోలీసు దగ్గర ఏముంటుంది?" అన్నాడు. ఈల ఉంటుందని బెర్నార్డ్ చెప్పాడు. "నా దగ్గర ఇదుంది. మీరు కాబట్టి ఆగాను. పోయిన నెల చేరిన కొత్త కుర్రాడు ఉండి ఉంటే, నేనిప్పుడు మీ చెల్లెలికి ఫోను చేస్తుండేవాణ్ణి. ఇంకెప్పుడూ ఇలా రాకండి."

తరవాత డ్వేన్ బెర్నార్డ్ తెచ్చిన పిస్తోలును విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. గుళ్లు లేవు. లోపల కంపెనీవాళ్లు పూసిన జిడ్డు కూడా ఆరలేదు. ఒక్కసారి కూడా పేల్చలేదని చెప్పి, మంచి వస్తువు, ఉంచుకోమన్నాడు. అది వెర్నా సొరుగులో దొరికిందనీ, ఆవిడ భయపడి కొనుంటుందనీ చెప్పి, కరిగించెయ్యమని బెర్నార్డ్ అడిగాడు. అప్పగించిన తుపాకిని కరిగించే వీలు చట్టంలో లేదనీ, వేలంలో అమ్మాలనీ డ్వేన్ చెప్పాడు. ఎవరికి అమ్ముతారంటే ఎక్కువ పాడినవాడికన్నాడు. బెర్నార్డ్ దాన్ని మళ్లీ తువ్వాలులో చుట్టాడు. డ్వేన్ తలుపుదాకా వచ్చి ఒక మాట చెప్పాడు.

"గుళ్లు లేకుండా పిస్తోలు పెట్టుకుని భయపడే ఆడమనిషిని నేనెక్కడా చూళ్లేదు. నెల్డాని అడగండి."

నెల్డా వెర్నా అక్క. చర్చి వెనక వీధిలో ఉంటుంది. బెర్నార్డ్ వెళ్లేసరికి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మొహం చూసి, ఇంట్లో ఎవరో చచ్చినవాడిలా ఉన్నావే అంది. మా చెల్లి చచ్చి రెండేళ్లయింది కదా, కూర్చో, అని ఒక గిన్నె ఒళ్లో పెట్టింది. మా ఊళ్లో దుఃఖానికి మందు చేతికి పని చెప్పడం. బెర్నార్డ్ ఈనెలు తీస్తూ అంతా చెప్పాడు. చివరికి అడగాల్సింది అడిగాడు.

"నాతో ఉన్నన్నాళ్లూ అది భయపడుతూ బతికిందా, నెల్డా?"

నెల్డా నవ్వబోయి, ఈనెలు తియ్యడం మానేసిన ఆయన చేతుల్ని చూసి, ఆపుకుంది.

"దానికి భయమా? నువ్వు ఊళ్లు పట్టుకు పోయిన రాత్రుళ్లు తలుపుకు గడియ కూడా వేసేది కాదు. తాళంచెవి మరిచిపోయి వస్తావని. ఎవడైనా దొంగ వస్తే ఎలాగే అని నేనడిగితే, వస్తే పాట పాడతాలే అనేది."

"మరి అది ఎందుకు కొంది?"

"ఎవరు కొన్నారయ్యా? లాటరీలో తగిలింది."

ఊరి అగ్నిమాపక దళానికి కొత్త గొట్టాలు కావాలని ఒక చలికాలం లాటరీ పెట్టారు. మొదటి బహుమతి పిస్తోలు. రెండో బహుమతి, ఉప్పుపెట్టి పొగలో ఏడాది ఆరేసిన పంది తొడ, మా ఊళ్లో హామ్ అంటే అదే. వెర్నా టిక్కెట్టు కొన్నది దానికోసం. వచ్చిన కొత్తలో వాళ్లింట్లో హామ్ తిని, అమ్మ పండక్కి చేసేది గుర్తొచ్చి బెర్నార్డ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడని ఆవిడ ఎప్పుడూ చెప్పేదట.

"ఉప్పెక్కువై నీళ్లొచ్చాయి," అన్నాడు బెర్నార్డ్.

"ఆ సంగతి దానికి చెప్పాల్సింది, నాకు కాదు." నెల్డా గిన్నెలో కాయలు కలిపింది. "పేరు పిలిచి పిస్తోలు చేతిలో పెడితే జనమంతా చప్పట్లు. ఎవడి పెళ్లామో తెలుసు కదా, ఇంకా గట్టిగా కొట్టారు. మొహం తెల్లగా పాలిపోయి నా దగ్గరకొచ్చింది. అమ్మెయ్యవే అన్నాను. అమ్మితే ఎవరి పియానోలోనో తేలుతుందని బెర్నార్డ్ అంటాడు, అంది. పోనీ వాడికి చెప్పెయ్యవే అన్నాను. చెప్తే తన ఊరు వెళ్లిపోతాడంది. నీకు భయం కావాలంటే అదొక్కటే ఉండేది దానికి. ఈనిడ్ ఫోను మోగినప్పుడల్లా."

బెర్నార్డ్ మళ్లీ ఈనెలు తియ్యడం మొదలుపెట్టాడు. చిక్కుడుకాయలు అయిపోయాయి. నెల్డా ఇంకో గుప్పెడు ఆయన గిన్నెలో వేసింది.

మర్నాడు పగలంతా ఆయన పనిగదిలోంచి రంపం చప్పుడు వినిపించింది. తన తుపాకిని తాను కోసుకోవడానికి మా రాష్ట్రంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు, అడిగినవాళ్లు లేక ఎవరికీ తెలియదంతే. ముక్కల్ని రద్దు ఇనుముతో పాటు చెత్తబండికి వేశాడు. నీలం తలగుడ్డ ఉంచుకున్నాడు. ఆ వారం ఈనిడ్‌కు ఫోను చేసి, పై గది ఎవరికైనా అద్దెకివ్వమన్నాడు. ఆవిడ ఏడ్చింది, తరవాత అక్కడ వాన పడుతోందని చెప్పింది. ఎలాంటి వాన అని ఆయన అడిగాడు. సన్నదా, గాలితో అడ్డంగా పడేదా, కొండమీదనుంచి వస్తోందా అని. ఆవిడ కిటికీ దగ్గరకు వెళ్లి చూసి చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

నెల్డా చెప్పినదాంట్లో ఆయనకు ఒకటే సందేహం మిగిలింది. వెర్నా బహుమతి మార్చుకోవచ్చు కదా? హామ్ గెలిచినవారు పాస్టర్ ఎల్డన్ అని తెలిసి, ఆయన ఇంటికి వెళ్లి అడిగాడు. పాస్టర్ ఎల్డన్ ఇప్పుడు ఉద్యోగం మానేసి కోళ్లు పెంచుతున్నాడు. బాగా గుర్తుందన్నాడు. ఆ సాయంత్రమే వెర్నా పిస్తోలు పట్టుకుని వచ్చి, మార్చుకుందామని బతిమాలిందట. ఆయన ఒప్పుకోలేదు. ఆయన దగ్గర పిస్తోళ్లు అప్పటికే మూడున్నాయి, హామ్ లేదు.